దిమ్మె కింది లెక్క
(ఆరుబయట శిల్పాలకు ఉన్న అవకాశాల గురించి శిల్పకళ విద్యార్థులు, యువ శిల్పుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

గ్యాలరీలో బొమ్మ పెడితే చూడవచ్చినవాళ్లు "దీని భావమేమిటండీ?" అని అడుగుతారు. అదే బొమ్మను బీచ్ రోడ్డు మీదో పార్కులోనో పెడతానని వెళ్లండి. అవతల కూర్చున్న ఇంజనీరు అడిగే మొదటి ప్రశ్న "బరువెంత?" రెండోది "దేనికి బిగిస్తారు?" మూడోది "ఏటేటా దీన్ని ఎవరు కడుగుతారు, ఎవరి డబ్బుతో?" ఈ మూడింటికీ కాగితం మీద జవాబు చూపించగలిగిన శిల్పికి చోటు దొరుకుతుంది. చేయి తిరిగినవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఆళ్లగడ్డలో, దుర్గిలో తరతరాలుగా రాయి చెక్కుతున్నవాళ్లున్నారు. హైదరాబాద్‌లో, విశాఖలో, తిరుపతిలో శిల్పం నేర్పే సంస్థలున్నాయి. అయినా బయటి ప్రాజెక్టుల దగ్గరికి వచ్చేసరికి చాలామంది దరఖాస్తు దగ్గరే ఆగిపోతున్నారు. అందుకని ఇవాళ రూపం గురించి తక్కువ, దిమ్మె గురించి ఎక్కువ మాట్లాడతాను.

అందరికీ అందుబాటులో ఉన్న దారి శిల్ప శిబిరం. మనం క్యాంపు అంటాం, బయటివాళ్లు సింపోజియం అంటారు. 1959లో ఆస్ట్రియాలోని సాంక్ట్ మార్గరెటెన్ అనే ఊళ్లో, పాత రాతి క్వారీలో కార్ల్ ప్రాంట్ల్ అనే శిల్పి దీన్ని మొదలుపెట్టాడు. రాయిని స్టూడియోకు మోసుకుపోవడం ఎందుకు, శిల్పులే రాయి దగ్గరికి వస్తే సరిపోతుంది కదా అన్నది ఆలోచన. నాలుగైదేళ్లలో ఇజ్రాయెల్‌కూ జపాన్‌కూ పాకింది, తర్వాత కొరియా, చైనా, మన దేశం. పద్ధతి అన్నిచోట్లా దాదాపు ఒకటే. నిర్వాహకులు రాయి, కరెంటు, క్రేను, బస, భోజనం, గౌరవ పారితోషికం ఇస్తారు. మీరు రెండు మూడు వారాల్లో బొమ్మ పూర్తిచేసి అక్కడే వదిలి వస్తారు. బొమ్మ వాళ్లది, పేరు మీది.

ఈ పద్ధతి క్వారీలో పుట్టిందన్న సంగతి మనకు పనికొస్తుంది. చీమకుర్తి గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్, టెక్కలి నీలి గ్రానైటు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ప్రతి క్వారీ పక్కనా రిజెక్టు బండల గుట్టలుంటాయి. పలకలుగా కోయడానికి రంగు మచ్చో, తెల్ల చారో అడ్డం వస్తే ఆ బండ వ్యాపారికి అక్కరకు రాదు, మనకు మాత్రం ఆ చారే అందం కావచ్చు. చిన్న శిబిరం సొంతంగా పెట్టుకోవాలనుకునే పది మంది శిల్పులు క్వారీ యజమానుల దగ్గరికి వెళ్లకుండా ముందు సర్కారు ఆఫీసుల చుట్టూ తిరగడం నాకు వింతగా తోస్తుంది. రిజెక్టు బండ తీసుకునేటప్పుడు ఒక్క పరీక్ష తప్పనిసరి. బండను బాగా తడిపి ఆరనివ్వండి. పైభాగం ఆరిపోయాక కూడా ఎక్కడైనా సన్నని తడి గీత మిగిలితే అది చార కాదు, పగులు. నీళ్లు లోపలికి పోయాయి కాబట్టే ఆరలేదు. సుత్తితో కొట్టి చూడండి, మంచి రాయి కంగుమంటుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది.

శిబిరానికి దరఖాస్తులో సాధారణంగా అడిగేవి: నమూనా బొమ్మ నాలుగు వైపుల ఫొటోలు, కొలతలు వేసిన డ్రాయింగు, ఎంత రాయి కావాలో, పాత పనుల ఫొటోలు ఐదో పదో, ఒక పేజీ పరిచయం. దరఖాస్తులు తిరిగివచ్చేది ఎక్కువగా డ్రాయింగు దగ్గరే. ముప్పై సెంటీమీటర్ల మట్టి నమూనాను మూడు మీటర్లు చేస్తామని రాస్తాం. ఎత్తు పది రెట్లు. గాలి తగిలే విస్తీర్ణం వంద రెట్లు. ఘనపరిమాణం వెయ్యి రెట్లు. చేతిలో రెండు కిలోలున్న మట్టి బొమ్మ అక్కడ రెండు టన్నులకు పైనే తేలుతుంది, గ్రానైటైతే మట్టికన్నా బరువు కాబట్టి ఇంకా ఎక్కువ. నమూనాలో నాజూగ్గా నిలబడ్డ చీలమండ అక్కడ ఆ బరువు మోయాలి.

బరువు లెక్క బట్టీపట్టండి. ఘనపు మీటరు మామూలు గ్రానైటు 2.7 టన్నులు. నల్ల గెలాక్సీ లాంటివి 2.9 నుంచి 3 దాకా. పాలరాయి 2.7, ఇసుకరాయి 2.2 నుంచి 2.4, కాంక్రీటు 2.4. స్టీలు రేకు మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 7.85 కిలోలు. ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు మందం, రెండు మీటర్ల ఎత్తు గ్రానైటు బండ అంటే 5.4 టన్నులు. "పన్నెండు టన్నుల హైడ్రా (చక్రాల మీద తిరిగే క్రేను) ఉంది కదా" అని ధైర్యపడతారు. ఆ పన్నెండు టన్నులు బూమ్, అంటే క్రేను చేయి, పూర్తిగా దగ్గరకు లాక్కున్నప్పటి మాట. కాలువ దాటించో, పూలమొక్కల మీదుగానో బూమ్ చాచి పెట్టాల్సివస్తే అదే హైడ్రా అందులో చిన్న భాగమే ఎత్తగలదు. క్రేను ఆపరేటరు దగ్గర లోడు చార్టు ఉంటుంది. అందులో మీ దూరానికి ఎదురుగా ఉన్న అంకె చూసి మరీ బండి మాట్లాడుకోండి. బెల్టు ఎక్కడ వేయాలో కూడా చెక్కడం మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. పని పూర్తయ్యాక బెల్టు వేయడానికి చోటు లేక, అంచులు విరిగిన బొమ్మలు ప్రతి శిబిరంలోనూ ఒకటో రెండో కనబడతాయి.

ఇరవై రోజుల్లో గ్రానైటులో ఎంత పని అవుతుంది? ఒక సహాయకుడు ఉంటే, ఇచ్చిన బండలో మూడో వంతుకు మించి తీసేయాల్సిన రూపం ఎంచుకోవద్దనే నా సలహా. బండ ఆకారాన్నే సగం వాడుకునే రూపం అనుకుంటే చివరి వారం పాలిషుకు మిగులుతుంది. కరెంటు సంగతీ ముందే అడగండి. తొమ్మిది అంగుళాల గ్రైండరు ఒక్కోటి రెండు కిలోవాట్ల పైచిలుకు లాగుతుంది. పది మంది ఒకేసారి వేస్తే 22 కిలోవాట్లు దాటుతుంది, కంప్రెసరు దానికి అదనం. పాతిక కేవీఏ, అంటే సుమారు ఇరవై కిలోవాట్లిచ్చే జనరేటరు పెట్టిన శిబిరంలో మొదటి రోజే వంతులు మొదలవుతాయి. ఇంకొకటి, దుమ్ము. గ్రానైటు దుమ్ములో సిలికా ఉంటుంది. పొడిగా కోస్తే అది ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. మూతికి కండువా కట్టుకుంటే ఆగే దుమ్ము కాదది. నీళ్లు పోసుకుంటూ కోయండి, ఎన్95కు తగ్గని మాస్కు ముఖానికి అంటుకునేలా పెట్టుకోండి. నీళ్లతో కోసేటప్పుడు ఎర్త్ లీకేజీ బ్రేకరు (కరెంటు లీకైతే వెంటనే ఆపేది) లేని బోర్డు నుంచి కరెంటు తీసుకోవద్దు.

ఇప్పుడు ప్రదర్శనలు. సముద్రపు ఒడ్డున జరిగేవాటిలో పేరున్నది సిడ్నీలో బాండై నుంచి టమరామా దాకా రెండు కిలోమీటర్ల కాలిబాట మీద 1997లో మొదలైన 'స్కల్ప్చర్ బై ద సీ'. వంద దాకా శిల్పాలు, చూడటానికి టికెట్టు లేదు. ఇలాంటివాటిలో పేరు బాగా వస్తుంది, కానీ తయారీ, రవాణా ఖర్చులో పెద్ద భాగం శిల్పి నెత్తినే పడుతుంది, బొమ్మ అమ్ముడుపోతే తిరిగొస్తుంది. మన దేశంలో జైపూర్ నాహర్‌గఢ్ కోటలోని మాధవేంద్ర భవనంలో 2017 చివర శిల్పోద్యానం తెరిచారు. రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన, 2012లో మొదలైన కొచ్చి బినాలే ఉంది. ఇక్కడ ఎక్కువగా క్యురేటర్లే ఎంచుకుంటారు, దరఖాస్తు పెట్టి లోపలికి పోవడం కష్టం. లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శన, చెన్నై ప్రాంతీయ కేంద్రం, ఢిల్లీ గఢీ స్టూడియోలు మాత్రం దరఖాస్తు పెట్టి వెళ్లగల దారులు. వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ చేసిన పనుల ఫొటోలే రేపు బయటి జ్యూరీ ముందు మీ తరఫున మాట్లాడతాయి.

తాత్కాలిక ప్రదర్శనలో ఇబ్బంది ఏమిటంటే చాలాచోట్ల నేల తవ్వనివ్వరు. బొమ్మ తన బరువుతోనే నిలబడాలి. ఇక్కడ గాలి లెక్క కావాలి. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది, దాన్ని 9.81తో భాగిస్తే కిలోల్లోకి మారుతుంది. గాలి భారానికి మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కు మూల వేగం 44, విశాఖకు 50. అంటే హైదరాబాద్‌లో చదరపు మీటరుకు సుమారు 118 కిలోలు, విశాఖలో 153 కిలోలు. ఎత్తునుబట్టి, పరిసరాలనుబట్టి ఇంజనీరు దీన్ని సరిచేస్తాడు, మన చేతి లెక్కకు ఇది చాలు.

విశాఖ బీచ్‌లో మూడు మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు స్టీలు రేకు బొమ్మ నిలబెట్టారనుకోండి. ఆరు చదరపు మీటర్లు, 153తో గుణిస్తే 918 కిలోలు. చదును రేకు కాబట్టి ఆకార గుణకం (ఆకారాన్నిబట్టి గాలి తోపు పెరిగే రెట్లు) 1.3 వేసుకుంటే దాదాపు 1,190 కిలోల తోపు. అది బొమ్మ మధ్యలో, అంటే కింద 35 సెంటీమీటర్ల దిమ్మె కూడా కలిపి నేల నుంచి 1.85 మీటర్ల ఎత్తున పనిచేస్తుంది, కాబట్టి పడదోసే బలం సుమారు 2,200 కిలోగ్రామ్-మీటర్లు. రెండు మీటర్ల చదరపు దిమ్మె మీద నిలిపితే అంచుకు దూరం ఒక మీటరు. ఒకటిన్నర రెట్లు భద్రత కావాలంటే 3,300 కిలోలు ఉండాలి. 35 సెంటీమీటర్ల మందం కాంక్రీటు దిమ్మె 3,360 కిలోలు తూగుతుంది, సరిపోయింది. ఇప్పుడు మీరు చేసిన రేకు బొమ్మ బరువెంత? మూడు మిల్లీమీటర్ల రేకైతే 140 కిలోలు. బొమ్మకు ఇరవై నాలుగు రెట్లు దిమ్మె! 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఏం ఎగిరిందో గుర్తుంటే ఈ లెక్క ఎక్కువనిపించదు. రేకుకు రంధ్రాలు పెట్టో, జల్లెడలా అల్లో గాలికి దారిస్తే దిమ్మె తగ్గుతుంది, రవాణా ఖర్చూ తగ్గుతుంది.

సముద్రం దగ్గర లోహం సంగతి వేరు. బజారులో 'ఎస్ఎస్' అని అమ్మేదాంట్లో 202 రకం ఉంటుంది, అది బీచ్‌కు పనికిరాదు. 304 కూడా ఉప్పుగాలికి గోధుమరంగు మరకలు పడి, తర్వాత సూదిమొన గుంటలు పడుతుంది. 316 తీసుకోండి, అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉప్పును తట్టుకుంటుంది. 316 కొని కూడా పాడుచేసుకునే పద్ధతి ఒకటుంది. మామూలు ఇనుము మీద వాడిన గ్రైండింగు చక్రంతోనే దీన్నీ రుద్దుతారు. ఇనుప రజను అందులో దిగి నెలలో తుప్పు చుక్కలు తేలతాయి. చక్రాలు వేరుగా పెట్టుకోవాలి, వెల్డింగు నీలిమచ్చలను పిక్లింగు పేస్టుతో (స్టెయిన్‌లెస్ పైపొరను శుభ్రంచేసే ఆమ్లపు ముద్దతో) తీసేయాలి. తుప్పు రంగు అందం కోసం కార్టెన్ స్టీలు వాడేవాళ్లు దాన్ని లోతట్టు ఊళ్లకే ఉంచుకోండి. ఉప్పుగాలిలో దాని తుప్పు పొర ఎప్పటికీ గట్టిపడదు, తింటూనే పోతుంది. పోత కంచు మాత్రం సముద్రానికి ఓర్చుకుంటుంది. మద్రాసు మెరీనాలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి 'శ్రమ విజయం' 1959 నుంచి అక్కడే ఉంది. కంచు బొమ్మ లోపలి అస్థిపంజరం మాత్రం మామూలు ఇనుముతో చేయొద్దు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, బయటి కంచును చీలుస్తుంది. రాళ్లను కలిపే కడ్డీలకూ ఇదే వర్తిస్తుంది, స్టెయిన్‌లెస్ కడ్డీయే వేయాలి. బోలు బొమ్మ ఏదైనా సరే, అట్టడుగున పది పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రం వదలండి. నీళ్లు లోపలికి ఎలా పోతాయని అడక్కండి, పోతాయి.

పునాది గురించి రెండు మాటలు. గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది. దాని మీద రెండడుగుల లోతున దిమ్మె కడితే రెండు వానాకాలాల్లో బొమ్మ వాలుతుంది. మీటరున్నర కిందికి పోవడమో, మట్టి తీసి మొరం నింపి దిమ్మించడమో చేయాలి. హైదరాబాద్‌లో చాలాచోట్ల కొద్ది లోతుకే గట్టి రాయి తగులుతుంది, రంధ్రం వేసి కడ్డీ దింపి ఎపాక్సీ పోస్తే సరి. బోల్టులు కాంక్రీటులో పెట్టేటప్పుడు బేస్ ప్లేటు రంధ్రాలతోనే ఒక రేకు మూస చేసి దాంట్లో బిగించి పోయండి. కంటి అంచనాతో నాటితే పది మిల్లీమీటర్లు తేడా వస్తుంది, క్రేను గాల్లో బొమ్మను పట్టుకుని ఉండగా గ్యాసు కట్టరుతో రంధ్రాలు పెద్దవి చేసుకుంటారు. ఆ బిగింపును ఎవరూ నమ్మకూడదు.

ఇక కూడళ్లు, పార్కులు, ఆఫీసు ఆవరణలు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలను ఆదేశించింది. వీధి దీపాల వంటివాటికి, వీధుల సుందరీకరణకు అందులో మినహాయింపు ఉంది. కాబట్టి కూడలికి మీరిచ్చే ప్రతిపాదన సుందరీకరణ పనిలో భాగంగా, రోడ్డు చూపుకు అడ్డం రాకుండా ఉండాలి, డ్రాయింగులో ఆ చూపు గీతలు కూడా వేసి చూపాలి. స్థలం ఎవరిదో ముందు తెలుసుకోండి. ఒకే కూడలిలో మధ్య వలయం నగరపాలక సంస్థది, పక్క రోడ్డు ఆర్ అండ్ బీది, ఇంకో వైపు జాతీయ రహదారి కావచ్చు. కేంద్రం రక్షణలో ఉన్న ప్రాచీన కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ పైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలి. వరంగల్‌లో, అమరావతిలో, లేపాక్షిలో పనిచేసేవాళ్లు దీన్ని మరవొద్దు. బీచ్ అయితే తీర నియంత్రణ నిబంధనలు.

ప్రభుత్వ పనులు టెండరు రూపంలో వస్తాయి. ధరావతు, అంటే టెండరుతోపాటు ముందే కట్టాల్సిన డిపాజిట్టు, చూసి వెనక్కి వచ్చేస్తారు చాలామంది. తయారీదారుగా ఉద్యం (చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన నమోదు) రిజిస్ట్రేషను ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు ధరావతు మినహాయింపు ఇచ్చే టెండర్లుంటాయి. ఆ రిజిస్ట్రేషను ఆన్‌లైనులో ఉచితం. అయితే తక్కువ ధర కోట్ చేసినవాడికే పని ఇచ్చే టెండరులో శిల్పం బాగుపడదు, ఇది నా గట్టి అభిప్రాయం. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 1841 నాటి ఖాళీ దిమ్మె మీద 1999 నుంచి శిల్పాలు మార్చి మార్చి పెడుతున్నారు. తుది జాబితాకు వచ్చిన శిల్పుల నమూనాలను జనం ముందు ప్రదర్శిస్తారు, నమూనాకు డబ్బు కూడా ఇస్తారు. మన దగ్గర నమూనా ఉచితంగా అడుగుతారు, పైగా తిరిగి ఇవ్వరు. కనీసం ప్రతి నమూనా ఫొటో మీదా మీ పేరు, తేదీ వేసి, మెయిలులో పంపి ఉంచుకోండి.

రవాణాను వేరే ప్రాజెక్టుగా చూడాలి. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు మీకందరికీ తెలిసిందే. మూడు వందల టన్నులకు పైబడ్డ ఏకశిల, గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కిన పని. చెక్కడం, హైదరాబాద్ చేర్చడం అయిపోయాయి. 1990 మార్చిలో ఒడ్డు నుంచి మధ్య దిమ్మె దాకా పోయే ఆ కాస్త నీటి దారిలో బార్జి ఒరిగి విగ్రహం మునిగింది, ప్రాణనష్టం జరిగింది. పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. చివరి వంద గజాలకు కూడా డ్రాయింగు, బాధ్యుడైన ఇంజనీరు, బీమా ఉండాలి.

ఒప్పందంలో చెల్లింపులు దశలవారీగా రాయించుకోండి: నమూనా ఆమోదానికి కొంత, పదార్థం కొన్నాక, వర్క్‌షాపులో పూర్తయ్యాక, నిలబెట్టాక. చివరి విడత పది శాతానికి మించకుండా చూసుకోండి, అది ఆలస్యమైనా మీరు మునిగిపోరు. కాపీరైటును రాసివ్వకుండా ఉంటే ప్రైవేటు సంస్థకు చేసిన శిల్పం మీద అది మీదే, ప్రభుత్వ పనిలో ఒప్పందం రాసుకునేటప్పుడే అడిగి తేల్చుకోవాలి. జనం ఫొటోలు తీసుకోవడాన్ని మాత్రం మీరు ఆపలేరు, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పానికి చట్టమే ఆ వీలిచ్చింది.

శిల్పాన్ని తర్వాత తీసేస్తే? ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు కాపీరైటు చట్టం 57వ సెక్షను కింద ఆయన నైతిక హక్కును, అంటే తన పనిని పాడుచేయకుండా చూసుకునే హక్కును, గుర్తించి, శిల్పం అవశేషాలు తిరిగి ఇవ్వాలని, ఐదు లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. ఆ తీర్పు మీకు అండ. కానీ అన్నేళ్లు కోర్టులో తిరిగేకన్నా ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించుకోవడం మేలు: తొలగించాల్సివస్తే తొంభై రోజుల ముందు నోటీసు, ముందుగా శిల్పికే వెనక్కి తీసుకునే అవకాశం.

(ప్రశ్న: డబ్బు పెట్టేవాళ్లే లేకపోతే మొదటి ఆరుబయట పని ఎలా చేయాలి?)

మీ కాలేజీ ఆవరణతో మొదలుపెట్టండి. రామ్‌కింకర్ బైజ్ 1938లో 'సంథాల్ కుటుంబం' శాంతినికేతన్ ఆవరణలో చేశారు. సిమెంటు, అక్కడి ఎర్ర లేటరైటు కంకర. ఎత్తైన పీఠం కూడా పెట్టలేదు. మీరు అలా చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. కడ్డీల మీద కాంక్రీటు కప్పు నలభై, యాభై మిల్లీమీటర్లు ఉండాలి, సముద్రపు ఇసుక ముట్టొద్దు.

(ప్రశ్న: ఫైబరు చవక కదా, ఆరుబయట వాడొచ్చా?)

వాడొచ్చు, పదేళ్ల మాటైతే. ఎండావానా తట్టుకునే ఐసోఫ్తాలిక్ రెజిను, ఐదారు మిల్లీమీటర్ల మందం, జెల్‌కోటు (అచ్చులో మొదట వేసే పైపొర) మీద పాలీయురేథేన్ పూత వేయండి. మన ఎండకు మామూలు రెజిను పైపొర సుద్దలా రాలిపోతుంది. కంచు రంగు వేసి కంచని చెప్పి అమ్మే అలవాటును మాత్రం నేను సమర్థించను, బిల్లులో ఫైబరని రాయండి. పైగా తేలిక కాబట్టి ఇందాకటి గాలి లెక్క దీనికి మరింత కచ్చితంగా వేయాలి.

(ప్రశ్న: పిల్లలు ఎక్కుతారని పార్కు వాళ్లు ఒప్పుకోవడం లేదు.)

ఎక్కుతారు, ఎక్కకుండా బోర్డు పెడితే ఇంకా ఎక్కుతారు. మీరే ముందు డ్రాయింగులో ఆ మాట రాయండి. ఆట సామాన్ల ప్రమాణాల్లో 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య సందు ఉండకూడదంటారు, పిల్లల తల ఇరుక్కునే కొలత అది. సందులు అంతకన్నా చిన్నవో పెద్దవో చేయండి. అంచులన్నీ గుండ్రంగా తీయండి. పైకి చాచిన ప్రతి చేయి మీదా ఇద్దరు పెద్దవాళ్లు వేలాడినా విరగదని ఇంజనీరుతో లెక్క వేయించి జతచేయండి. ఎండలో రేకు కాలకుండా చేతికందే ఎత్తు దాకా రాయి పెట్టడమో, నీడపట్టు చూసి నిలపడమో చెయ్యండి. దాంతోపాటు ఒక పేజీ నిర్వహణ పత్రం: ఏటా రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి, ఆసిడు వాడొద్దు, బోల్టులు బిగించి చూడాలి, పూత ఏ కంపెనీది, ఏ రంగు నంబరు. పార్కు సూపరింటెండెంటు సంతకం పెట్టడానికి వెనకాడేది ఆ పేజీ లేకనే.